తెల్లారకముందే పూసిన వరి

మా చేను చూడముచ్చటగా, నిటారుగా నిలబడ్డ ఏడాదే మా ఇంట్లోకి గింజ రాలేదు. దారినపోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకున్నారు. పాలుపోసుకున్న వరి వెన్ను బరువుకి వంగుతుందనీ, వంగలేదంటే లోపల ఏమీ లేదనీ వాళ్లకేం తెలుసు? నాన్న నాలుగు వెన్నులు తెంపి సంచిలో వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని, పట్నంలో వరి పరిశోధన కేంద్రంలో పనిచేసే పిన్ని దగ్గరికి బయల్దేరాడు.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. గింజను గోటితో చీల్చి చూసింది. ఊక తప్ప ఏమీ లేదు.

"వరి పువ్వు విచ్చుకునేది పొద్దెక్కాక, బావా. కాసేపే తెరుచుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఎండ మాడ్చేస్తే పుప్పొడి చచ్చిపోతుంది. ఇంక గింజెక్కడిది?"

"అయితే ఏం చెయ్యమంటావు? చేనుకి గొడుగు పట్టనా?"

"ఎండ ముదరకముందే పూసే వరి కావాలి."

"నీలాగా కోడి కంటే ముందు లేచేదన్నమాట," అన్నాడు నాన్న. ఆ రోజు నుంచి మా ఇంట్లో పిన్ని పేరు కోడి.

నీటి గుంటల్లో దానంతటదే మొలిచే అడవి వరి ఒకటుంది. పండీ పండకముందే గింజ రాల్చేసుకుంటుంది, తిండికి పనికిరాదు. కానీ తెల్లవారుతూనే పూస్తుంది. ఆ ఒక్క గుణాన్ని మంచి వరిలోకి దించాలని పిన్ని పట్టు పట్టింది. చిన్న కత్తెరతో పువ్వు కొన కత్తిరించి, పట్టకారుతో లోపలి పుప్పొడి తిత్తులు తీసేసి, వెన్నుకి కాగితం సంచి తొడిగి, మర్నాడు అడవి వరి పుప్పొడి దాని మీద దులపాలి. చెయ్యి వణికిందా, ఆ పువ్వు పోయినట్టే.

"గడ్డికీ గాదానికీ పెళ్లిళ్లు చేస్తూ కూర్చో. నీ పెళ్లి మాట మాత్రం ఎత్తకు," అని అమ్మ సాధించేది.

"ఈ పూత అయిపోనీ అక్కా, చూద్దాం."

పూత అయితే కోత, కోత అయితే మళ్లీ నారు. మా పిన్నికి తీరిక దొరకనే లేదు. వచ్చిన సంబంధాలు వచ్చినట్టే వెనక్కి పోయాయి.

కాలేజీ రోజుల్లో నేను ఆవిడ క్వార్టర్స్‌లోనే ఉండి చదువుకున్నాను. ఫ్రిజ్ తెరిస్తే విత్తనాల పొట్లాలే. పెరుగు గిన్నెకి చోటుండేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది.

"మనుషులు తినేవి పెట్టుకోవా ఇందులో?"

"ఇవీ మనుషులు తినేవేనే," అనేది తాపీగా.

కేంద్రంలో పిన్నికొక గాజు గది ఉండేది. అందులో హీటర్లు పెట్టి, పూతకొచ్చిన మొక్కలకి మండువేసవి చూపించేది. పొద్దున రాగానే స్విచ్ వేసేది, సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు ఆపేసేది. ఒకసారి గేటు దాకా వచ్చి, ఆపానో లేదోనని మళ్లీ వెనక్కి పరిగెత్తింది. "పాపం, రాత్రన్నా చల్లగా పడుకోనీ," అంది. మొక్కల మీద ఆ మాత్రం జాలి నా మీద ఉంటే బాగుండునని విసుక్కున్నాను.

ఏళ్లు గడిచాక, ఆ గాజు గదిలో ఒక వరస మొక్కలు తెల్లవారుతూనే పూసి, ఎండని తప్పించుకుని, వెన్నులు వంచాయి. ఆ రోజు పిన్ని ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా కుర్చీలో కూలబడి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

విత్తనం కొంచెం నాన్నకిచ్చింది. "ఒక్క మూలే వెయ్యి బావా. ఇంకా చూడాల్సినవి చాలా ఉన్నాయి."

నాన్న బుద్ధిగా తలూపాడు. ఆ ఏడాది ఆ మూల విరగపండింది. పండినదంతా విత్తనానికి దాచి, మరుసటి ఏడు చేనంతా అదే వేసేశాడు. పిన్నికి ఒక్క ముక్క చెప్పలేదు. పూతకి వచ్చాక ఫోన్ చేశాడు.

"కోడీ, రేపు తెల్లారేసరికి చేలో ఉండు."

మేం గట్టు మీదికి చేరేసరికి మసక వెలుతురు వస్తోంది. చూస్తూండగానే వెన్నులన్నీ విచ్చుకున్నాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి పుప్పొడి తిత్తులు బయటికి వేలాడుతున్నాయి.

"బుద్ధుందా బావా నీకు? ఒక్క మూలన్నానా లేదా?" తిడుతూనే నవ్వుతోంది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది.

"నేనేమన్నా బయటివాళ్ల విత్తనం వేశానా? మా కోడి విత్తనమే కదా!"

పిన్నిని అంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు. అంతలో ఆవిడ చెయ్యి మెడ మీదికి పోయింది. మెడ చెమటతో తడిసి ఉంది. అక్కడే ఆగిపోయింది.

"రాత్రంతా ఇలాగే ఉడికిందా?"

"ఈమధ్య రోజూ ఇంతే. ఎవరికీ కంటిమీద కునుకు లేదు," అన్నాడు నాన్న.

పిన్ని వంగి ఒక వెన్నుని అరచేతిలోకి తీసుకుంది.

ఈసారి వెన్నులు వంగాయి. మాకు ధైర్యం వచ్చింది. కానీ మిల్లులో వడ్లు పోస్తే బియ్యం రాలేదు, పొడిపొడిగా నూకలు వచ్చాయి. గింజ సున్నంముక్కలా తెల్లబారింది. మిల్లువాడు దోసిట్లో పట్టుకొచ్చి నాన్నకి చూపించాడు.

కబురు తెలిసి పిన్ని వచ్చింది. అమ్మ ఆ నూకలే వండి పెట్టింది. పిన్ని ముద్ద కలిపింది గానీ నోట్లో పెట్టుకోలేకపోయింది.

"రాత్రి చల్లగా లేకపోతే గింజ సరిగ్గా గట్టిపడదక్కా. నేను సాయంత్రం స్విచ్ ఆపేసి వచ్చేదాన్ని. అన్నేళ్లూ ఆపేసే వచ్చాను. రాత్రంటే చల్లగానే ఉంటుందనుకున్నాను."

"పోనీలేవే, రాత్రిపూట కోళ్లు కూడా పడుకుంటాయి," అన్నాడు నాన్న. నవ్వించబోయాడు. ఎవరికీ నవ్వు రాలేదు, ఆయనక్కూడా.

నాన్న ఇంక కోలుకోలేదు. అప్పుల కింద చేను ఇటుకబట్టీ వాళ్ల చేతికి పోయింది. వాళ్లు మట్టి తవ్వుకుపోగా నిలువులోతు గొయ్యి మిగిలింది. నాన్న గోడౌన్ కాపలాకి కుదిరాడు. పిన్ని మళ్లీ మొదటికొచ్చి, గుంటల్లో గడ్డి వెతుక్కుంది. గాజు గదిలో ఇప్పుడు రాత్రిళ్లు కూడా హీటర్ ఆపేది కాదు.

రిటైరయ్యే ముందు ఒక పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చింది. జుట్టంతా నెరిసిపోయింది.

"రాత్రి వేడికి కూడా ఆగుతోంది బావా. గదిలో అయితే ఆగింది. బయట ఒక్క మూల వేసి..."

అలవాటు కొద్దీ అనేసింది. అన్నాక గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నాన్న చెయ్యి చాపి పొట్లం తీసుకున్నాడు. చాలాసేపు అరచేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కోడీ అని పిలవలేదు. లేచి వెళ్లి మా ఫ్రిజ్‌లో పెట్టాడు.

అది ఇప్పటికీ అక్కడే ఉంది. అమ్మ దాన్ని జరపదు, పెరుగు గిన్నె బయటే పెడుతుంది. రాత్రి వేడికి తెల్లారేసరికి పులిసిపోతుంది. అదే తింటున్నాం.