పిల్లలకు రైలింజన్ చూపిద్దామని

మెస్ క్యాబిన్ బయట తాడు మీద ఆరేసిన డ్యూటీ చొక్కాలు అప్పటిదాకా సముద్రం వైపు ఎగురుతున్నాయి. ఒక్కసారిగా అన్నీ నిశ్చలంగా వేలాడాయి. మరుక్షణం కొండల వైపు లేచాయి. క్లిప్పులు ఊడి రెండు చొక్కాలు గుండ్రంగా తిరుగుతూ పైకి పోయాయి. మా చిన్నోడు వేదాంత్ చప్పట్లు కొట్టాడు. నేను మాత్రం వాణ్ణి దగ్గరికి లాక్కున్నాను. గాలి ఒక్క ఊపిరిలో దిక్కు మార్చుకుందంటే ఏదో వస్తోందని నాకు అప్పుడే అర్థమైంది. శుక్రవారం మధ్యాహ్నం మూడు కావస్తోంది. చుట్టూ ఇరవై మంది మగవాళ్లు మటన్ కూరతో అన్నం తింటున్నారు. వాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు.

కోపం తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గలేదు. పిల్లలు నిద్రపోయారు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

మేం గల్ఫ్‌లో, మబేలా అనే ఊళ్లో ఉంటాం. మా ఆయన రాజేందర్ సర్వేయర్. సోహార్ దాటాక కొండల వైపు కొత్తగా రైలు పట్టాలు వేస్తున్న చోట ఒక కాంట్రాక్టు కంపెనీలో పని. అక్కడే క్యాంపులో ఉంటాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. మా పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. సెలవులకు ఇండియా వెళ్లినా హైదరాబాద్‌లో విమానం దిగి కారులోనే జగిత్యాల పోతాం. అందుకని మా మహతికి ఏడేళ్లొచ్చినా, వేదాంత్‌కు నాలుగేళ్లొచ్చినా రైలంటే ఫోన్‌లో చూసిందే. "మా సైట్‌కు ఇంజన్ వచ్చింది. శుక్రవారం తోలుకొని రా, ఎక్కిపిస్త" అని వాళ్ల నాన్న ఫోన్‌లో చెప్పిన రోజు నుంచి ఇంట్లో ఒకటే కూత.

గురువారం సాయంత్రం ఫోన్‌కు వాతావరణ హెచ్చరిక వచ్చింది. కొండ ప్రాంతాల్లో ఉరుములతో వాన, బలమైన గాలులు. నేను భయస్తురాలిని. దోసకాయ కోసినా చేదేమోనని ముందు నేను తిని చూశాకే పిల్లలకు పెడతాను. వెంటనే ఆయనకు ఫోన్ చేశాను. "గా మెసేజ్ వాదీల కార్లు నడిపేటోళ్లకు. మాకు రేపు డ్యూటీ గూడ పెట్టిండ్రు. ప్రమాదం ఉంటే పెడ్తరా?" అన్నాడు. వాదీ అంటే ఇక్కడి కొండవాగు. సెలవు రోజు డ్యూటీ పెట్టారు కాబట్టి ప్రమాదం లేదు. ఈ లెక్క విని నేను ఊరుకున్నాను.

పొద్దున ఏడున్నరకు హైవే పక్కన బస్సెక్కాం. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందే బాత్‌రూమ్‌కు వెళ్లి రండి, మధ్యలో బస్సు ఆగేది కొద్దిసేపే. ఏసీ చాలా చల్లగా ఉంటుంది, పిల్లలకు స్వెటర్ ఉండాలి. నేను రాత్రే సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకున్నాను. వెనక సీట్లో మొబైల్ షాపులో పనిచేసే హైదరాబాద్ కుర్రాడు ఒకడు మా మాటలు విని నవ్వాడు.

"రైలు చూడనీకి బస్సుల పోతున్నరా మేడమ్? కాజీపేటల నిలబడితే ఫుకట్ల మస్తు రైళ్లు చూడొచ్చు గద!"

"కాజీపేటకు టికెట్ నువ్విప్పిస్తవా?" అన్నాను. సర్వపిండి ముక్క తీసుకుని దాని మీద మాట్లాడటం మొదలుపెట్టాడు. సోహార్ దాకా హాయిగా గడిచింది. ఒక పక్క ఖర్జూరం తోటలు, ఇంకో పక్క దూరంగా బూడిద రంగు కొండలు. ఆ కొండల మీద తెల్లటి మబ్బులు గోపురాల్లా లేస్తున్నాయి. మహతి వాటికి ఫోటోలు తీసింది.

పదకొండు గంటలకు సోహార్‌లో దిగాం. కంపెనీ పికప్‌లో మా ఆయన వచ్చి తీసుకెళ్లాడు. సైట్ అంటే కంకర గుట్టలు, సిమెంటు స్లీపర్ల వరుసలు, వాటి మధ్య రేకు క్యాబిన్లు. ఒక చివర పట్టాల మీద పసుపు పచ్చ ఇంజన్. కంకర వ్యాగన్లు లాగేది. వేదాంత్ దాని చక్రం పక్కన నిలబడితే చక్రమే ఎత్తుగా ఉంది.

ఇంజన్ డ్రైవర్ ఖాజా భాయ్‌ది కడప. యాభై దాటిన మనిషి. "రాండి రాండి, ఏం బాబూ, నువ్వు తోల్తావా, నేను తోలాల్నా?" అని వాణ్ణి ఎత్తుకోబోయాడు. అప్పుడే సేఫ్టీ ఆఫీసర్ సురేష్ వచ్చాడు. విశాఖ వైపు అబ్బాయి, తెల్ల హెల్మెట్, మెడలో విజిల్.

"ఖాజా గారూ, విజిటర్స్‌ని ఎక్కించకూడదండి. పర్మిట్ లేదు కదండీ. మేడమ్, ఏమీ అనుకోకండి, బయట నుంచి చూడొచ్చండి."

బయట నుంచే చూశాం. వేదాంత్ ముఖం మాడ్చుకున్నాడు. రూల్ రూలే కదా అని నేనే వాణ్ణి సముదాయించాను. ఆ మాట నా నోటితో అన్నందుకు ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

శుక్రవారం వంట ఆ క్యాంపులో పండగ. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల వాళ్లు ఆ పూట కంపెనీ మెస్ భోజనం ముట్టుకోరు. తమ గిన్నెల్లో తామే మటన్ వండుకుంటారు. మెస్ క్యాబిన్ తలుపు దగ్గర మేమూ వాళ్లతో కూర్చున్నాం. చొక్కాలు తిరగబడింది అప్పుడే.

కంకర గుట్ట వెనక ఆకాశం ఊదా రంగుకు తిరిగింది. మబ్బు అడుగు నుంచి ఏదో తొండంలా దిగుతోంది. నేల మీద నుంచి గోధుమ రంగు దుమ్ము తిరుగుతూ దానికి ఎదురు లేస్తోంది.

"ఇగో, అటు చూడు. అది దుమ్ముగాలి కాదు, సుడిగాలి" అన్నాను మా ఆయనతో.

"దూరం ఉన్నది తియ్" అన్నాడు. అనగానే సైరన్ మోగింది.

అందరూ ప్లేట్లు వదిలేసి లేచారు. ఒక్కరూ కంగారు పడలేదు, ఒక్కరూ పరుగెత్తలేదు. క్యాబిన్ల వెనక్కి వరుసగా నడిచారు. మా ఆయన నా జబ్బ పట్టుకుని "నడువు, విజిటర్లు గూడ రావాలె" అన్నాడు. బంకరో, గోడల గదో ఉందనుకున్నాను. పిల్లల చేతులు పట్టుకుని వెనకే పోయాను.

అక్కడ ఉన్నది ఒక ఆకుపచ్చ బోర్డు. అసెంబ్లీ పాయింట్. దాని ముందు బయలు నేల మీద తెల్ల సున్నం గీత. మనుషులు ఆ గీత మీద వరుసగా నిలబడ్డారు. సురేష్ విజిల్ ఊది తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

తర్వాత తెలిసింది. నిప్పు అంటుకున్నా, గ్యాస్ లీకైనా ఆ సైట్‌కు ఉన్న సైరన్ ఒక్కటే. నెలనెలా డ్రిల్ చేయిస్తారు. గీత మీద కనిపించని వాడికి వార్నింగ్ లెటర్. అలాంటి లెటర్లతో ఇద్దరిని ఇంటికి పంపేశారట. నిప్పుకు బయటికి రావాలి, నిజమే. గాలికి లోపలికి పోవాలని ఎవరూ వాళ్లకు చెప్పలేదు. అందుకే ఎప్పటిలాగే సుడిగాలికి ఎదురుగా, తల మీద హెల్మెట్లు సర్దుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏంది సార్ ఇది? పిల్లలున్నరు. బయట ఎందుకు నిలబెట్టిండ్రు?" అని అరిచాను.

"రూల్ అదేనండి మేడమ్. ముందు హెడ్‌కౌంట్ అవ్వాలండి. తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఆఫీస్ నుంచి చెప్తారండి."

"ఆఫీస్ చెప్పేదాక గాలి ఆగుతదా?"

అతనికి మధ్యలో లెక్క తప్పినట్టుంది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తన బూట్ల వైపు చూస్తున్నాడు.

అప్పుడు పట్టాల వైపు నుంచి కేక వినిపించింది. ఖాజా భాయ్ ఇంజన్ తలుపు దగ్గర నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. "ఏమ్మో! అట్ల నిలబడుకోని ఏం చూచ్చాండావు? పిల్లోల్లను తీస్కోని పరిగెత్తు!"

వేదాంత్‌ను చంకనేసుకున్నాను, మహతి చెయ్యి పట్టుకుని ఉరికాను. కంకర రాళ్లు పిక్కలకు తగులుతున్నాయి. దుమ్ముకు కళ్లు తెరవలేకపోయాను. ఖాజా భాయ్ పిల్లలను ఒక్కొక్కరినీ పైకి గుంజాడు. "ముందర అద్దాలుండాయి, ఈడొద్దు. వెనక సందులోకి పోండి" అని మోటారు పక్కన ఉన్న ఇరుకు దారిలోకి నెట్టాడు. పిల్లలను అక్కడ కూర్చోబెట్టి నేను తలుపు దగ్గరికొచ్చాను.

మా ఆయన ఇంకా గీత మీదే ఉన్నాడు.

"రాజేందర్!"

పెళ్లయ్యాక ఆయన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. వరుస వరుసంతా నా వైపు తిరిగింది. ఆయన నన్ను చూశాడు. తర్వాత సురేష్‌ను చూశాడు. కదల్లేదు. సుడిగాలి అప్పటికే కంకర గుట్ట మీదికి ఎక్కింది. గుట్ట పైభాగం పొగలా లేచిపోతోంది.

"రాజేందర్! నువ్వు రాకుంటే పిల్లలను దించుకోని నేనే ఆడికొస్త! నలుగురం కలిసి నిలబడి సద్దాం!"

అప్పుడు పరుగెత్తాడు. ఆయన వెనక సిరిసిల్ల అబ్బాయి, వాడి వెనక మిగతా అందరూ. అందరికన్నా ఆఖరున సురేష్, విజిల్ నోట్లోనే ఉంది. ఖాజా భాయ్ తలుపు లాగి గడియ వేశాడు.

ఆ సందులో మనిషి మీద మనిషి. డీజిల్ వాసన, చెమట వాసన, మటన్ మసాలా వాసన. చెవులు మూసుకుపోయాయి. రేకు మీద కంకర కొడుతుంటే గుండెలో కొట్టినట్టుంది. ముందరి అద్దం పెద్ద చప్పుడుతో పగిలింది. అంత బరువు ఇంజన్ ఒకసారి పక్కకు ఊగి మళ్లీ పట్టాల మీద కూర్చుంది. మహతి నా మెడ దగ్గర ముఖం పెట్టుకుంది. వేదాంత్ మాత్రం "అమ్మా, నడుస్తోంది, రైలు నడుస్తోంది" అంటున్నాడు.

చీకట్లో ఎవరో ఏదో గొణుగుతున్నారు. ప్రార్థన అనుకున్నాను. కాదు, సురేష్ తలలు లెక్కపెడుతున్నాడు. ఖాజా భాయ్ గొంతు వినిపించింది: "సార్, అందరూ ఒకరి మీద ఒకరు కూచోనుండారు. ఇప్పుడన్నా లెక్క కుదిరెనా?" ఎవరో నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

బయటికొచ్చేసరికి వడగళ్లు కరుగుతున్నాయి. మేం అన్నం తిన్న మెస్ క్యాబిన్ అక్కడ లేదు. లేచి, దొర్లి, సరిగ్గా అసెంబ్లీ పాయింట్ బోర్డు మీద తలకిందులుగా పడి ఉంది. సున్నం గీత దాని కిందికి పోయింది. అందరం అటే చూస్తూ నిలబడ్డాం. సిరిసిల్ల అబ్బాయి కింద కూలబడి వాంతి చేసుకున్నాడు.

సురేష్ ఫోన్ మోగింది. ఆఫీస్ నుంచి. స్పీకర్ పెట్టకపోయినా అవతలి గొంతు వినిపిస్తూనే ఉంది. మొదటి ప్రశ్న ఇంజన్‌కు ఏమైనా అయిందా అని. మనుషుల సంగతి తర్వాత అడిగారు.

"హెడ్‌కౌంట్ కంప్లీట్ సార్. అందరూ అసెంబ్లీ పాయింట్‌కి టైమ్‌కి వచ్చారండి. ఇంజన్ అద్దం పగిలింది సార్... అదీ, ఖాజా తలుపు తెరిచాడండి. విజిటర్స్ ఎక్కారండి."

"ఫోన్ నాకియ్యి" అన్నాను.

"మేడమ్, ప్లీజ్ అండి. నా ఉద్యోగం కూడా చూడండి."

"నువ్వు బతికున్నది ఆయన తలుపు తెరిస్తే! సిగ్గుంటే అది చెప్పు!"

అతను ఫోన్ చెవికి పెట్టుకుని దూరంగా వెళ్లిపోయాడు. ఆదివారం ఖాజా భాయ్ ఆఫీస్‌కు వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాలట. నా బాధ చూసి ఆయనే నన్ను ఓదార్చాడు. "పోనీలేమ్మా. బిడ్డ ఇంజన్ ఎక్కల్లనుకున్యాడు, ఎక్కినాడు."

తిరుగు దారిలో వాదీ పొంగి రోడ్డు మీదికొచ్చింది. నీళ్లు తగ్గేదాకా పికప్‌లో చాలాసేపు ఆగాం. పిల్లలు వెనక నిద్రపోయారు. మా ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని తనంతట తనే చెప్పాడు.

"కాళ్లు లేవలేదు. విజిల్ ఊదితే నిలబడుడే అలవాటైంది. నువ్వు పిలిచింది ఇనబడ్డది. కానీ లేవలేదు."

"రేపు డ్యూటీకి పోతవా?"

"పోవాలె గద."

నేను వెనక్కి తిరిగి పిల్లల మీద స్వెటర్లు కప్పాను. సోహార్‌లో బస్సెక్కించి ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. రాత్రి బస్సులో దీపాలన్నీ ఆర్పేశారు. ఈ దేశంలో రేపో మాపో రైలు నడుస్తుంది. టికెట్ కొనుక్కుని మీరూ ఎక్కుతారు, కిటికీ పక్కన కూర్చుని కొండలు చూస్తారు. చూడండి. సోహార్ దాటాక కంకర గుట్టలు కనిపిస్తే, ఇంకో పక్కకు తిరిగి ఒకసారి ఆ బయలు నేల కూడా చూడండి. మనుషులను గాలికి ఎదురుగా గీత గీసి నిలబెట్టింది అక్కడే.

ఈ పొద్దున లేచేసరికి హాల్లో కుర్చీలన్నీ వరుసగా పెట్టి ఉన్నాయి. వేదాంత్ ముందు కుర్చీలో కూర్చుని ఖాజా భాయ్‌లా చెయ్యి ఊపుతున్నాడు. మహతి మాత్రం ఆడటం లేదు. పాలగ్లాసు పట్టుకుని నన్నే చూస్తోంది.

"అమ్మా, నువ్వు పిలిస్తే నాన్న వెంటనే ఎందుకు రాలేదు?"

దుమ్ములో కనిపించలేదని చెబుదామనుకున్నాను. నోటి దాకా వచ్చింది, మింగేశాను. ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

"నాన్నకు గాలి కంటే విజిల్ అంటే ఎక్కువ భయమేసింది. ఆ భయం ఆయనకు నేర్పించారు. మీకు నేర్పనివ్వను."

"మరి మా స్కూల్‌లో బెల్ కొడితే లైన్లో నిలబడాలా, వద్దా?"

"నిలబడు. కానీ ముందు ఆకాశం చూడు. నిన్నటి లాంటిది కనిపిస్తే టీచర్‌కు గట్టిగా చెప్పు. ఆమె వినకపోతే తమ్ముడి చెయ్యి పట్టుకుని గోడలున్న గదిలోకి ఉరుకు. వెనక్కి చూడకు. ఎవరైనా తిడితే మా అమ్మ చెప్పిందని చెప్పు. తిట్టేవాళ్లను నా దగ్గరికి పంపించు."