పెద్దిరాజు గారి ఇరవై అయిదు

మనకి మెట్లు చూస్తే మెట్లు కనిపిస్తాయి, మిరపకాయ బజ్జీ చూస్తే బజ్జీ కనిపిస్తుంది. పెద్దిరాజు గారికి మాత్రం ఏది చూసినా అంకె కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు ఒక ఓడరేవులో భద్రతా విభాగంలో చేసి రిటైరయ్యారు కదా, ఆ లెక్క ఆయన ఒంట్లో ఇంకిపోయింది. ప్రమాదం జరిగే అవకాశం అయిదుకి ఎంత, జరిగితే నష్టం అయిదుకి ఎంత, రెండూ గుణించు. ఒకటి వస్తే గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. ఇరవై అయిదొస్తే ఆ పని మానేసి ఇంటికి పోవాలి. సర్వీసు మొత్తంలో ఇరవై అయిదు ఒక్కసారీ వెయ్యలేదని ఆయన గొప్పగా చెప్పుకుంటారు.

కూతురి పెళ్లిచూపుల్లో అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగితే, "ఎనిమిది. అదుపులో పెట్టుకోదగ్గ రిస్కే," అన్నారట, అబ్బాయి తల్లిదండ్రుల ఎదుటే. ఆ ఎనిమిదే ఇప్పుడు మామగారిని నోయిడా దగ్గర వైశాలిలో తన ఫ్లాట్‌లో పెట్టుకుని పొద్దున్నే కాఫీ కలిపి ఇస్తున్నాడు. పొగలు కక్కే ఆ కాఫీకి నాలుగు. మెట్రో ఎస్కలేటర్‌కి తొమ్మిది. గోల్‌గప్పా అనే పానీపూరీ బండి ముందు నిలబడి ఆ నీళ్లకి పన్నెండని నోట్‌బుక్‌లో రాసుకుని మరీ ఆరు తిన్నారు.

ఇంతటి మహానుభావుణ్ణి మూడేళ్లుగా భరిస్తున్నది వర్షిణి. జనక్‌పురిలో పుట్టి పెరిగిన బెజవాడ వాళ్లమ్మాయి. నోయిడా అవతల సరస్సు ఒడ్డున పిల్లలకి తెరచాప పడవలు నేర్పే కేంద్రానికి మేనేజరు. ఏటా మే నెలలో వేసవి క్యాంపు మొదలవ్వాలంటే రిస్క్ అసెస్‌మెంట్ మీద భద్రతా సలహాదారుగా పెద్దిరాజు గారి సంతకం పడాలి. మొదటి ఏడు ఆయన జెట్టీ మీద తిరిగే బాతులకి ఆరు వేశారు. రెట్ట మీద కాలు జారే అవకాశం రెండు, నడుం పట్టేసే నష్టం మూడు. రెండో ఏడు వర్షిణి చున్నీకి పది వేశారు, మోటారులో చిక్కుకుంటుందని. అప్పట్నించీ ఆయనొచ్చే రోజు ఆ పిల్ల చున్నీ వేసుకోదు.

ఈ ఏడు వర్షిణి భయం చున్నీ గురించి కాదు, హనుమయ్య గురించి. ఆయనది భీమిలి. పాతికేళ్లుగా ఆ సరస్సు మీద రెస్క్యూ బోటు నడుపుతున్నాడు. పడవ తిరగబడి ఏ పిల్లాడైనా నీళ్లలో పడితే క్షణాల్లో వెళ్లి ఎత్తుకొచ్చేది ఆయనే. ఆరు నెలలుగా రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరి చూపు మసకబారింది. ఆ సంగతి ఒక్క వర్షిణికే చెప్పాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు సరికదా, ఒడ్డునుంచి ఈల వేసి దారి చూపించడం మొదలుపెట్టింది. ఒక ఈల కుడి, రెండు ఈలలు ఎడమ. తప్పని తెలుసు. కానీ ఓనరు చాందిని మేడమ్ ఆ ముసలాయన్ని పంపించేసి ఏజెన్సీ మనిషిని పెట్టుకోవాలని సాకు కోసం కాచుక్కూర్చుంది. ఆ సాకు తన నోటితో ఎలా ఇస్తుంది?

పెద్దిరాజు గారొచ్చారు. తాళ్లు లాగి చూశారు, లైఫ్ జాకెట్లు ఒక్కొక్కటీ వాసన చూశారు, సమోసా పెడితే దానికో అంకె వేశారు. చివరికి సంచీలోంచి ఒక కమలాపండు తీశారు. నీళ్లలో పడ్డవాడి తల దూరాన్నుంచి ఇంతే కనిపిస్తుందని చెప్పి, ఒక పడవలో తీసుకెళ్లి నడిసరస్సులో వదిలొచ్చారు.

"హనుమయ్యా, పాపం మునిగిపోతున్నాడు. రక్షించుకురా."

వర్షిణి చెయ్యి ఈల మీదకి పోయింది.

"ఆ ఈల ఇలా ఇయ్యమ్మా. మెళ్లో తాడు, మెడకి బిగుసుకుంటుంది. పది," అని ఆయన ఈల తీసి జేబులో వేసుకున్నారు.

హనుమయ్య ఒంటరిగా వెళ్లాడు. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, ఒకచోట వంగి రెండు చేతులా ఎంతో జాగ్రత్తగా ఏదో ఎత్తుకున్నాడు. ఒడ్డుకొచ్చి గర్వంగా చాపిన చేతుల్లో ఉన్నది బంతిపూల దండ, ఎవరో పూజ చేసి నీళ్లలో కలిపింది. పెద్దిరాజు గారు దండ అందుకుని, నోట్‌బుక్ తీసి ఏదో రాశారు. అయిపోయింది ముసలాయన పని అనుకుంది వర్షిణి.

అప్పుడే హనుమయ్య తలెత్తి గాలి వాసన చూశాడు. "అమ్మా, పిల్లల్ని వెనక్కి పిలు. ఆంధీ వస్తోంది, దుమ్ముతుఫాను."

ఆకాశం అద్దంలా ఉంది. ఫోనులో చూస్తే సాయంత్రం దాకా ఎండే. అయినా ఆయన మాటంటే వర్షిణికి గురి. అవతలి గట్టున పిల్లలు నేర్చుకుంటున్న నాలుగు పడవల్నీ జెండా ఊపి పిలిపించింది. ఆఖరి పడవ కట్టేసీ కట్టెయ్యకముందే పడమర దిక్కు ఎర్రమట్టి రంగుకి తిరిగింది. దుమ్ము లేచి, జెట్టీ మీది ప్లాస్టిక్ కుర్చీ ఎగిరి సరస్సులో పడింది. పెద్దిరాజు గారు షెడ్డులో బంతిపూల దండ పట్టుకుని వాచీ చూసుకుంటున్నారు.

మర్నాడు చాందిని మేడమ్ గదిలో పెద్దిరాజు గారు రిపోర్టు చదివారు. బాతులు ఆరు దగ్గరే ఉన్నాయి. ఆ తర్వాత, "రెస్క్యూ బోటు నడిపే మనిషి చూపు, ఇరవై," అన్నారు.

"ఠీక్ హై అంకుల్. ఆయన్ని ఇవాళే పంపించేద్దాం," అంది మేడమ్.

వర్షిణికి కళ్లనీళ్లు తిరిగాయి.

"పేజీ తిప్పండి మేడమ్," అన్నారు పెద్దిరాజు గారు. "హనుమయ్యని పంపించెయ్యడం, ఇరవై అయిదు."

మేడమ్ పేజీ తిప్పింది.

ఫోనుకి ఆంధీ సంగతి మూడూ పదిహేడుకి తెలిసిందనీ, హనుమయ్య ముక్కుకి మూడింటికే తెలిసిందనీ, ఆ పదిహేడు నిమిషాలూ నాలుగు పడవల పిల్లలవనీ ఆయన నిదానంగా చెప్పారు. కళ్లకి ఆపరేషన్, ఒకదాని తర్వాత ఒకటి. డాక్టరు సరేననేదాకా బోటు ముట్టుకోకూడదు, అది ఏజెన్సీ మనిషి నడుపుతాడు. హనుమయ్య పూర్తి జీతంతో జెట్టీ మీద కుర్చీలో కూర్చుని గాలి చూస్తాడు. ఇందులో ఒక్కటి తగ్గినా సంతకం లేదు. క్యాంపులో అప్పటికే సీట్లన్నీ నిండిపోయాయి. మేడమ్ ఒప్పుకోక ఏం చేస్తుంది?

బయటికొచ్చాక ఆయన వర్షిణికి ఈల తిరిగిచ్చారు. "ఇది రిపోర్టులో రాయలేదు, నీకే చెబుతున్నా. పరీక్షప్పుడు నీ చెయ్యి ఈల మీదకి పోవడం చూశాను. మేనేజరు ఈలతో బోటు నడపడం, ఇరవై. ఇంకోసారి చేశావో, నీ పేరు మొదటి పేజీలో ఉంటుంది." వర్షిణి తలదించుకుని, ఇంకెప్పుడూ చెయ్యనంది. చెయ్యలేదు కూడా.

హనుమయ్యని రెండుసార్లూ ఆసుపత్రికి మెట్రోలో తీసుకెళ్లింది పెద్దిరాజు గారే. దారిలో ఎస్కలేటర్ వద్దని మెట్లన్నీ ఎక్కించారట. తనకి కళ్లకన్నా మోకాళ్లే ఎక్కువ నొప్పి పెట్టాయని హనుమయ్య ఇప్పటికీ చెబుతాడు.

వానలు మొదలయ్యాక మళ్లీ పరీక్ష. నడిసరస్సులో కమలాపండు. ఈల వర్షిణి జేబులోనే ఉంది. హనుమయ్య సూటిగా వెళ్లి రెండు నిమిషాల్లో పండు తెచ్చి చేతిలో పెట్టాడు. పెద్దిరాజు గారు నోట్‌బుక్ మూసేసి, అక్కడే నిలబడి తొక్క ఒలవడం మొదలుపెట్టారు.

"అంకుల్, సరస్సులో పడ్డ పండు తినకండి. పన్నెండు," అంది వర్షిణి.

"పదిహేను," అని సరిదిద్ది, పండు మూడు భాగాలు చేశారు.