గోరీ దొర పెట్టె

ఎమిల్ కోవాలిక్ శవపేటికలోంచి లేచి కూర్చోవడం మొదలుపెట్టిన ఏడాదే అతని భార్య ఓల్గాకు చర్చిలో తలెత్తుకోవడం కష్టమైపోయింది. అప్పట్లో అమెరికాలోని ఉక్కు మిల్లుల ఊరు యంగ్స్‌టౌన్ మొత్తానికీ ఉన్నవి రెండో మూడో టీవీ ఛానళ్లు. ఒకదానిలో రోజూ సాయంత్రం వాన కబుర్లు చెప్పే ఎమిల్, శుక్రవారం రాత్రి మొహానికి తెల్లరంగు పూసుకుని గోరీ దొర అయ్యేవాడు. పాత దయ్యాల సినిమాల మధ్యలో వచ్చి వాటిని వెక్కిరించడం అతని పని. "మీ టీవీ మీద మూడుసార్లు తట్టండర్రా, లేకపోతే నాకు మెలకువ రాదు" అని పెట్టెలోంచి గొంతు వచ్చేది. ఊళ్ళో పిల్లలంతా తట్టేవాళ్ళు. మూత లేచేది.

ఓల్గా మాత్రం ఒక్క శుక్రవారమూ టీవీ పెట్టలేదు.

"చావుతో ఎకసెక్కాలేమిటి నీకు? మా నాన్న ఉక్కు కొలిమిలో పడిపోయాడు. పెట్టె తెచ్చాం గానీ అందులో పెట్టడానికి మనిషే మిగల్లేదు."

"అందుకేనే పిచ్చిదానా. ఈ ఊళ్ళో పెట్టెలోకి వెళ్ళినవాడు ఒక్కడైనా లేచి రావద్దూ?"

ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఆరేళ్ళకు కొత్త మేనేజరు వచ్చి కార్యక్రమం ఎత్తేశాడు. టేపులు వృథా చేయడమెందుకని దొర బొమ్మ చెరిపేసి, వాటి మీదే బంతి దొర్లించి కర్రలు పడగొట్టే బౌలింగ్ పోటీలు ఎక్కించారు. ఆరేళ్ళ శ్రమలో ఒక్క నిమిషం కూడా మిగల్లేదు. పాపం, అది అన్యాయమని ఎవరికీ తోచనైనా లేదు. ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు ఎమిల్ బూట్ల దుకాణంలో మోకాళ్ళ మీద కూర్చుని జనం పాదాలు కొలిచాడు.

ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాక ఒక్కటే అడిగాడు.

"నేను పోయాక, చూడ్డానికి వచ్చినవాళ్ళను పెట్టె మీద తట్టనివ్వు."

"నా కంఠంలో ప్రాణముండగా జరగదు. నిన్ను మనిషిలా సాగనంపుతాను, గోరీ దొరలా కాదు."

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

కడసారి చూపుకు పదిమంది చుట్టాలు వస్తారనుకుంది ఓల్గా. ఆ మధ్యాహ్నం జనం వీధి మలుపుదాకా వరుస కట్టారు. మిల్లులు మూతబడి పనులు పోగొట్టుకున్న మగవాళ్ళే ఎక్కువ. వీళ్ళు గోరీ దొరను చూడ్డానికే వచ్చారని గ్రహించి, ఆమె వెంటనే పెట్టె మూత వేయించి, పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. ముందున్న బట్టతల మనిషి చెయ్యెత్తాడు.

"తట్టొద్దు" అంది.

అతను చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"తప్పేనమ్మా. చిన్నప్పుడు, మా నాన్న మిల్లులో చచ్చిపోయిన వారంలో కూడా టీవీ మీద తట్టాను. ఈయన లేచాడు. ఆ రాత్రే నాకు కాస్త నిద్ర పట్టింది."

వెనకున్నవాళ్ళంతా ఆమె వద్దన్న మాట విన్నారు. చేతులు కట్టుకుని, ఒక్కొక్కరే పెట్టె పక్కనుంచి నడిచి వెళ్ళిపోయారు.

తీరా ఓల్గా "ఆగండి" అనేసరికి ఆగడానికి గదిలో ఎవరూ లేరు. లేచి, తనే పెట్టె మీద తట్టింది. మూడుసార్లు. చెవి ఆనించి విన్నది.

"తట్టాను కదయ్యా" అంది. "లే."