మునెయ్య గేటుకు నేను పెట్టిన ఇంగ్లీషు

చిత్తూరులో ఒక వకీలు గారి ఆఫీసులో నేను అనువాదకుడిగా చేరి ఇరవై రెండేళ్ళయిన ఏడాది, వేసవి సెలవులకు కాస్త ముందు, పుత్తూరు నుంచి ఒక దారి తగాదా మా దగ్గరికి వచ్చింది. తెలుగు కాగితాలను కోర్టు కోసం ఇంగ్లీషు చేసి, అది సరైన అనువాదమేనని కింద సంతకం పెట్టడం నా పని. ఆ సంతకం కొంచెం పెద్దగానే పెట్టేవాణ్ణి.

మా కక్షిదారు రెడ్డెమ్మ. ఆమె పెరటికి ఒక ఇనుప గేటు ఉంది. పాడి ఆవులను సందులోకి తోలుకుపోవడానికి అదొక్కటే దారి. ఆ గేటు నిన్నగాక మొన్న పెట్టిందంటూ పక్కింటాయన అడ్డంగా గోడ కట్టబోయాడు. పన్నెండేళ్ళ కిందట గేటు చేసిన వెల్డర్ మునెయ్య మా సాక్షి. అప్పుడు పెన్సిలుతో రాసుకున్న కొలతల కాగితం ఆయన దగ్గర ఇంకా ఉంది. అఫిడవిట్‌లో ఆయన చెప్పింది ఒకటే వాక్యం: "గేటు, ఈ కొలతల కాగితం, రెండూ నేనే తయారు చేసినాను."

దీనికి ఇంగ్లీషులో 'మేడ్' చాలు. ఒకటో తరగతి పిల్లలకూ తెలిసిన మాట. నాకు నచ్చనిదీ అదే. వెల్డింగ్ షాపుల బోర్డుల మీద 'ఫాబ్రికేషన్' అని ఉంటుంది కదా అని, రెండింటికీ కలిపి 'ఫాబ్రికేటెడ్' అని రాశాను. పైగా టీ తాగుతూ జూనియర్ వకీళ్ళకు దాని పుట్టుక కూడా వివరించాను. లాటిన్‌లో 'ఫాబర్' అంటే లోహంతోనో కొయ్యతోనో పనిచేసే పనివాడు. లేనిది కల్పించడం అనే అర్థం తర్వాత చేరింది. అదీ నాకు తెలుసు. రాసేటప్పుడు మాత్రం తట్టలేదు.

ఎదుటి వకీలుకు తట్టింది. కాగితం కల్పించానని సాక్షే ఒప్పుకున్నాడని కోర్టులో చదివి వినిపించాడు. జడ్జి గారు నన్ను పిలిచి, ఆ మాటకు బదులు ఏం వాడవచ్చని అడిగారు. అక్కడైనా నా పాండిత్యం ఊరుకోలేదు. కమ్మరి కొలిమిని 'ఫోర్జ్' అంటారు, దాని మూలమూ ఆ 'ఫాబరే'. "ఫోర్జ్డ్ అనవచ్చండి" అన్నాను. దొంగ సంతకాల కేసుల్లో రోజూ వినబడే మాట అది. హాలంతా నవ్వింది. మా వకీలు గారు ఫైలులోకి తల దించుకున్నారు.

ఇంగ్లీషు రాని మునెయ్య, తన మాట నమ్మకే నవ్వుతున్నారనుకున్నాడు. లేచి చేతులు కట్టుకున్నాడు.

"సామీ, నేను సేసింది గేటు. అపద్ధం సేయలేదు. నమ్మకం లేకుంటే ఆడికొచ్చి దాని తుప్పు సూడండి."

జడ్జి గారు తెలుగు మూలం తెప్పించుకుని తామే చదివారు. అనువాదం సరిచేసి మళ్ళీ దాఖలు చేయమన్నారు. గేటు చూసి రావడానికి ఒక వకీలును కమిషనర్‌గా వేశారు. ఆయన పుత్తూరు వెళ్ళి, గేటు పాతదేనని నివేదిక ఇచ్చాడు. గోడ ఆగింది.

ఆ రోజు కోర్టు బయట మునెయ్యకు క్షమాపణ చెప్పబోయాను.

"ఏం సార్, సేసినాను అనేదానికి ఇంగ్లీషులో మాట లేదా?" అని అడిగాడు.

ఉందన్నాను.

"మళ్ళా అదెందుకు రాయలేదు?"

ఆఫీసుకు వెళ్ళి, ఆ కాగితంలో 'మేడ్' అని దిద్దాను.

రిటైరయ్యేదాకా, ఏ వాంగ్మూలాన్నైనా దాఖలు చేసే ముందు నా ఇంగ్లీషును మళ్ళీ తెలుగులోకి మార్చి, చెప్పినవాళ్ళకు వినిపించేవాణ్ణి. చాలామంది మధ్యలో ఆపి నన్ను సరిదిద్దారు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళలో ఎందరికి ఆ అవకాశం ఇవ్వలేదో నాకు తెలియదు.