భయానికి పథ్యం

1955లో రాజోలులో డాక్టరుగా బోర్డు కట్టి నాకు నాలుగు నెలలు. బోర్డు మీద రంగు ఆరింది గాని, చదువుకున్నానన్న గర్వం ఇంకా పచ్చిగానే ఉంది.

ఒక ఉదయం చెట్లెక్కి కొబ్బరి దింపు తీసే వెంకన్న, వెనకాలే అతని భార్య మంగ వచ్చారు. కిందటి దింపులో అతను చెట్టు మీంచి జారి పెంటకుప్ప మీద పడ్డాడట. ఎముకలన్నీ తడిమి చూశాను. ఒక్కటీ విరగలేదు. పరువు సంగతి నా పరిధిలోకి రాదు.

"దెబ్బలు కాదండి బాబూ. చెట్టు దగ్గరికెళ్తే చాలు, గుండె దడండి, చేతులు ఒణుకండి. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ లేదండి. ధైర్యం సూదేదైనా ఉంటే పొడిచెయ్యండి."

"మూడు వారాల్లో మళ్ళీ దింపు ఉందండి," అంది మంగ. "ఈయన ఎక్కకపోతే తోట ఆసామి ఇంకోణ్ణి పెట్టుకుంటానన్నారండి. ఈయనకి ఇంకో పని రాదు. ఉట్టి మీద కుండ దింపమన్నా నన్నే పిలుస్తున్నారండి."

ధైర్యానికి సూది ఉంటే, పరీక్షలప్పుడు ముందు నేనే పొడుచుకునేవాణ్ణి. అది లేదు గనక ఉపన్యాసం ఇచ్చాను. మూత్రపిండాల మీద టోపీల్లా రెండు చిన్న గ్రంథులుంటాయి. భయం వేస్తే అవి అడ్రినలిన్ అనే రసాన్ని రక్తంలోకి వదులుతాయి. ఆ దడా, ఆ వణుకూ దాని పనే. దాని తయారీకి ముడిసరుకు టైరోసిన్ అనే అమైనో ఆసిడ్. తిన్న ప్రొటీన్ అరిగి ముక్కలైతే వచ్చేవే అమైనో ఆసిడ్లు. శరీరం ఆ టైరోసిన్‌ని మెట్టుమెట్టుగా మార్చి ముందు నారడ్రినలిన్ చేస్తుంది. నరాల చివర కబుర్లు మోసేది అదే. ఇంకో మెట్టు దాటితే అడ్రినలిన్.

వెంకన్న శ్రద్ధగా విన్నాడు. "అంటే ఈ దడ చేపల్లోంచీ, పప్పులోంచీ వస్తందంటారా?"

"ఆయ్, అక్కణ్ణించే!" అన్నాను, పాఠం అర్థమైందన్న సంబరంతో.

పది రోజులకి మంగ అతన్ని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. మనిషి సగమయ్యాడు.

"ఏం చెప్పేరండి మీరు? చేప ముట్టరు, పప్పు ముట్టరు, గుడ్డు ముట్టరు. గంజీ ఉప్పూనండి. అడిగితే డాక్టరుగారి పథ్యం అంటారు!"

నేను ఏ పథ్యమూ చెప్పలేదు. అదే నా తప్పు. మా వైపు పథ్యం చెప్పని వైద్యుణ్ణి వైద్యుడిగా లెక్కించరు. నేను చెప్పలేదు గనక, వెంకన్న పాపం నా ఉపన్యాసంలోంచే ఒకటి ఏరుకున్నాడు.

"దడ తగ్గిందా?"

"లేదండి. ఇప్పుడు కాళ్ళు కూడా ఒణుకుతున్నాయండి."

"వెంకన్నా, నువ్వు తినకపోతే శరీరం ఊరుకోదయ్యా. నీ కండలే కరిగించి ఆ టైరోసిన్ లాక్కుంటుంది. భయం భయంలాగే ఉంటుంది, ఎక్కే కండ మాత్రం పోతుంది. శుభ్రంగా చేపలు తిను. ఆ రసం నిన్ను పడెయ్యడానికి కాదు, ఆపదలో ఒంటిని సిద్ధం చెయ్యడానికి పుడుతుంది."

"మరి దడో?"

"ఉండనీ. దాన్ని వెంటబెట్టుకునే ఎక్కు. ఇవాళ నిలువెత్తు, రేపు రెండు నిలువులు."

"విన్నారా?" అంది మంగ. "పదిరోజులు నాచేత వేరే వంట వండించేరు!"

దింపు రోజున నేనూ తోటకి వెళ్ళాను. వైద్యుడిగా కాదు, ముద్దాయిగా. వెంకన్న కాళ్ళకి బంధం వేసుకుని ఎక్కాడు. సగంలో ఆగిపోయాడు.

"దడొస్తందండీ!"

"చేప పనిచేస్తోందయ్యా, ఎక్కు!"

పైనుంచి నవ్వు వినిపించింది. కాసేపటికి మొదటి గెల ధబ్బున పడింది. తోటంతా కేకలు. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన నేను చెట్టుని ఆనుకుని నిలబడ్డాను. మోకాళ్ళు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి.

మంగ నన్ను ఎగాదిగా చూసింది. "ఏవండీ డాక్టరుగారూ, మీరూ పథ్యం చేసేరా ఏంటండి?"

ఆ రోజు నుంచి శాస్త్రం ఎంత చెప్పినా, రోగి గుమ్మం దాటేముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను: "ఇంటికెళ్ళి ఏం తింటావో చెప్పి వెళ్ళు."