పని లేదని ఒప్పుకోని ఇల్లు

మొన్న మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పుకుంటుంటే, ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి అడిగింది. "అక్కా, మా మరిదికి కాంట్రాక్టు అయిపోయి ఖాళీగ ఉంటాండు. పని లేనోళ్లకు బీమా ఆఫీసోళ్లు మూడు నెలలు భత్యం ఇస్తరట గదా, నువ్వు ఓసారి పెట్టుకున్నవట. ఎట్ల పెట్టాలె?" ఏయే కాగితాలు కావాలో, ఎన్ని జిరాక్సులు తీయించాలో అన్నీ చెప్పాను. "మరి నీకెంతొచ్చినయక్కా?" అని అడిగింది. రాలేదన్నాను. "గదేంది, ఎందుకు రాలే?" అంటే, అది అన్నం తినేలోపు చెప్పే కథ కాదని మామిడికాయ తొక్కు ఆమె ముందుకు జరిపాను.

ఆరేళ్ల కిందటి మాట. వరంగల్‌లో మా గల్లీ అంతా చేనేత ఇళ్లే. మా ముందరి గదిలో కూడా మామగారి గుంత మగ్గం ఉండేది. ఆయన పోయాక దాని మీద జంపఖానా నేసినవాళ్లు లేరు. మా ఆయన పవర్‌లూమ్ షెడ్డుకు వెళ్లేవాడు. అక్కడ పని వారంలో మూడు రోజులుంటే నాలుగు రోజులుండేది కాదు. నేను ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుని, హైదరాబాద్ కంపెనీ ఒకటి పంపే పాత భూమి కాగితాలను చూసి టైపు చేసేదాన్ని. పని ఇప్పించేది మధ్యలో ఒక ఏజెన్సీ. జీతంలోంచి బీమా కోసుకునేటప్పుడు వాళ్లకు నేను ఉద్యోగిని, సెలవు అడిగితే మాత్రం ఫ్రీలాన్సర్‌ని. ఎనిమిది నెలలకో, పది నెలలకో ఒక కాంట్రాక్టు ముగిసేది. ఆ తర్వాత ఇంకొకటి వచ్చేదాకా దినాలు లెక్కపెట్టుకోవడమే. కంప్యూటర్ కిస్తీల మీద కొన్నది. అది చేతిలో ఉంటేనే తర్వాతి కాంట్రాక్టు ఇస్తారు. అంటే పని లేని ఆ నడుమ కాలంలో కిస్తీ తప్పితే కంప్యూటర్ పోతుంది, దాంతోపాటే రాబోయే పనీ పోతుంది. ఆ భత్యం కోసం నేను అంత పాకులాడింది అందుకే.

ఇక మా అత్తమ్మ. సన్నగా, వెదురు కర్రలా ఉండేది. పొద్దున ఐదింటికి రాట్నం ముందు కూర్చుంటే పక్కింటి మగ్గాలకు కండెలు చుడుతూనే ఉండేది. ఆమె ఇంట్లో 'లేదు' అనే మాట పుట్టకూడదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి, అది అందరి ఇళ్లలోనూ ఉన్నదే. ఆమె పట్టింపు అంతకంటే నాలుగాకులు ఎక్కువ. మగ్గం మీద ఒక్క పోగు లేకపోయినా శుక్రవారం శుక్రవారం తుడిచి బొట్టు పెట్టేది. "నడుస్తాందా వదినా మగ్గం?" అని ఎవరైనా అడిగితే "నడవకేం!" అనేది. చేతుల్లో పని లేదని పరాయివాళ్ల ముందు చెప్పుకుంటే లక్ష్మి ఆ మాట విని గడప దిగిపోతుందని ఆమె నమ్మకం. నా పని మీద మాత్రం ఆమెకు ఏమాత్రం గురి లేదు. "డబ్బా ముంగట కూసుంటే పనైతదా?" అని రోజుకోసారైనా అనేది. కాపురానికి వచ్చి పద్దెనిమిదేళ్లయినా ఆమె నోట నా గురించి ఒక్క మంచి మాట వినలేదు. కూరలో ఉప్పు సరిపోయిన రోజు ఏమీ అనకుండా తినేది. అదే నాకు మెచ్చుకోలు.

ఆసారి కాంట్రాక్టు ముగిసిన సంగతి అమ్మకు చెప్పొద్దన్నాడు మా ఆయన. "బెంగ పెట్టుకుంటది, ఊకో" అన్నాడు. దాంతో నేను రోజూ కంప్యూటర్ ముందు కూర్చుని పాత ఫైళ్లు తెరిచి ఉత్తినే టకటక కొట్టేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు ఏడుపొచ్చేది. అటు ఏజెన్సీవాళ్లు "మేమేం తీసెయ్యలే గదా మేడమ్, టైమ్ అయిపోయింది గంతే" అని నెల రోజులు తిప్పి, చివరికి పని అయిపోయిందని ఒక ఉత్తరం ఇచ్చారు. దాన్ని పట్టుకుని బీమా ఆఫీసుకు వెళితే అక్కడి మేడమ్ ఫారం ఇచ్చింది. 'ప్రస్తుతం ఏమి చేయుచున్నారు?' అన్న చోట 'ఇంటి పని' అని రాశాను. ఆమె చూసి గాబరాపడి, "పని అనే మాట రాయకు చెల్లె, ఫైలు వాపస్ వస్తది. ఏమీ లేదు అని రాయి" అంది. పొద్దున లేస్తే నీళ్లు పట్టడం, వంట, గిన్నెలు, బట్టలు, అత్తమ్మ చుట్టిన కండెలు పక్కింటికి చేర్చడం, ఇవన్నీ కళ్ల ముందు తిరుగుతుండగా 'ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాను. ఇంటికొచ్చి ఎవరో ఒకరు విచారించి పోతారని చెప్పారు. ఎప్పుడొస్తారో మాత్రం చెప్పలేదు.

నేను రేషన్ షాపులో వరుసలో ఉన్నప్పుడు వచ్చాడాయన. బియ్యం సంచీ నెత్తిన పెట్టుకుని గడప దగ్గరికి వచ్చేసరికి, మా ముందరి గదిలో కుర్చీ వేసుకుని, ఒళ్లో ఫైలు పెట్టుకుని, రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్దమనిషి ఒకాయన చాయ తాగుతున్నాడు. అత్తమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని చేతులు తిప్పుతూ చెబుతోంది. "మా కోడలా సారూ? పొద్దుగాల లేసిందంటే మళ్ల పండేదాంక నడుం వాల్చదు. ఇంట్ల పని దాని చేతిమీదనే, కండెలు అదే మోస్తది, మళ్ల గా కంప్యూటర్ ముంగట కూసోని టకటక కొడ్తనే ఉంటది. దానికి ఒక్క నిమిషం తీరికుండదు. గసొంటి పిల్ల ఈ గల్లీల లేదు." ఆ ఇంట్లో 'లేదు' అన్న మాట ఆమె నోట నేను విన్నది అదొక్కసారే. ఆమె ఆయన్ని ఏదో కొత్త ఉద్యోగం ఇచ్చే ముందు ఆరా తీయడానికొచ్చిన మనిషి అనుకుంది. కోడలికి పని ఉందా అని సర్కారు మనిషి అడిగితే, ఆమె ఇంకేం చెబుతుంది?

సంచీ దించి నమస్కారం పెట్టాను. ఆయన కళ్లజోడు సర్దుకుని నన్ను చూశాడు. మంచి మనిషే, మొహంలో ఎక్కడా కాఠిన్యం లేదు. "అమ్మా, నువ్వేమో ఖాళీగ ఉన్నవని రాసినవ్. పెద్దమ్మ చూస్తే గిట్ల చెప్తాంది. నేనేం రాసుకోవాలె? ఈమె చెప్పేది నిజమేనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ లేచింది. "ఖాళీగనా? ఎవలన్నరు గా మాట? మా ఇంటి మీద కండ్లు మండేటోళ్లు ఎవలో చెప్పిండ్రు సారూ మీకు!" అని నా వైపు తిరిగింది. "చెప్పవేందే, నోరు పడిపోయిందా?"

ఆ మాట రాసిచ్చింది నేనేనని ఎలా చెప్పను? చెబితే పరాయి మనిషి ముందు ఆమెను అబద్ధాలకోరును చేసినట్టు. దాంతోపాటు పద్దెనిమిదేళ్ల తర్వాత మొదటిసారి నా గురించి చెప్పిన మంచిని నేనే కాదన్నట్టు. ఆయన పెన్ను పట్టుకుని చూస్తున్నాడు. ఆమె నడుం మీద చేయి వేసుకుని చూస్తోంది. కిస్తీ కళ్ల ముందే ఉంది. అయినా "నిజమే సార్" అన్నాను. ఆయనకు అంతా అర్థమైందనే ఇప్పటికీ నా అనుమానం. "నేను విన్నదే రాయాలె గదమ్మా" అని మెల్లగా రాసుకుని, చాయ గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఉత్తరం వచ్చింది. దరఖాస్తుదారు పనిలో ఉన్నట్టు తేలినందున తిరస్కరించారట. మా ఆయన రెండుసార్లు చదివి, "అమ్మ ఏం చెప్పింది ఆ సార్‌కు?" అని అడిగాడు. "నా గురించి మంచిగ చెప్పింది" అన్నాను. ఆయన నవ్వబోయి, నవ్వలేక మగ్గం వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. పుట్టిన దగ్గర్నుంచీ నేను చేసిన ఇంటి చాకిరీని పని అని ఎవరూ రాసుకోలేదు. రాసుకున్న ఒక్కసారీ అది నా అన్నానికే అడ్డం పడింది. ఇంకో రెండు నెలలకు కంప్యూటర్ ఒక ఇంటర్నెట్ సెంటర్ ఆయనకు అమ్మేశాం. ఆటోలో ఎక్కిస్తుంటే అత్తమ్మ కంగారుపడి "దానికేమాయెరా?" అని అడిగింది. రిపేరుకన్నాడు మా ఆయన. "జల్ది తెప్పియ్, పిల్లకు పొద్దు పోదు" అంది.

తర్వాత నాలుగేళ్లు ఆమె ఆ సారు కోసం ఎదురుచూసింది. పోస్టుమన్ గల్లీలోకి వస్తే చాలు రాట్నం ఆపేది. "గా సారు మళ్ల ఎప్పుడొస్తడే? నేను నీ గురించి మంచిగనే చెప్పిన గదనే, ఎందుకు పిలుస్తలేరు?" అని అడిగేది. "పిలుస్తరత్తమ్మా, జర టైమ్ పడ్తది" అనేదాన్ని. చివర్లో దవాఖానలో మనుషులను గుర్తుపట్టడం తగ్గిపోయాక కూడా, మంచం దగ్గరికి ఎవరొచ్చినా ఆ సారే అనుకుని, నా చేయి పట్టుకుని వాళ్లకు చూపించి, మా కోడలికి ఒక్క నిమిషం తీరికుండదు అనే చెప్పింది.

ఆమె పోయి రెండేళ్లయింది. రేపు ఈ ఆఫీసు పనీ అయిపోయి, ఎవరైనా ఫైలు పట్టుకుని గడప తొక్కి అడిగితే, పని లేదు సార్ అని తడుముకోకుండా చెప్పగలను, ఎందుకంటే ఆ మాటకు అడ్డం పడి నా మీదికి లేచే మనిషి ఇంట్లో లేదు. నిజం చెప్పడాన్ని కాలం నాకు ఇంత సులువు చేస్తుందని ఆనాడు తెలిసుంటే, 'నిజమే సార్' అన్న ఆ అబద్ధాన్ని ఇంకొంచెం గట్టిగా, ఆమెకు బాగా వినిపించేలా చెప్పి ఉండేదాన్ని.