బాపు క్లారినెట్ మూగబోయిన ఆషాఢం

నా చిన్నప్పుడు, ఎనభైల్లో, బోధన్ చుట్టుపక్కల పెళ్లి బరాత్ కదలాలంటే మా బాపు, అంటే నాన్న, క్లారినెట్ అందుకోవాల్సిందే. ఆయన బ్యాండు మేళంలో ఆరేడుగురు ఉండేవారు. అందరిలోకీ బాపుకు దగ్గరి మనిషి ట్రంపెట్ వాయించే ముస్లిం పెద్దాయన. ఆయన్ని మేమంతా చిచ్చా అని పిలిచేవాళ్లం. మా ఇల్లు ఫ్యాక్టరీకి చెరుకు బండ్లు పోయే దారిలో ఉండేది. పొద్దున బాపు సాధన చేస్తుంటే బండ్లవాళ్లు ఎడ్లను ఆపి, కాసేపు విని మరీ పోయేవారు.

ఒక ఎండాకాలం చివర్లో, ఎడపల్లి పెళ్లిలో, బాపు పాట మధ్యలో ఆగిపోయాడు. చిచ్చా వెంటనే ఆ వరుస అందుకుని ట్రంపెట్ మీద పాట ముగించాడట. చిందులేస్తున్న కుర్రాళ్లకు తేడా కూడా తెలియలేదు. ఇంటికొచ్చిన బాపు క్లారినెట్‌ను విప్పి, తుడిచి, పెట్టెలో సర్ది అటకెక్కించాడు. ఆ తర్వాత దాని ఊసే లేదు. మాతో మాటలూ తగ్గిపోయాయి. అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా అలాగే కూర్చునేవాడు. డాక్టరు ఊపిరితిత్తులు చూసి బాగానే ఉన్నాయన్నాడు. అమ్మ దిష్టి తీసింది. నాకప్పుడు పదేళ్లు. బాపుకు నా మీదే ఏదో కోపం వచ్చిందనుకుని, ఇంట్లో చప్పుడు కాకుండా తిరిగేదాన్ని.

ఆషాఢం వచ్చింది. ముహూర్తాలు లేవు. ముసురు పట్టిన ఒక పొద్దున చిచ్చా మేళాన్నంతా వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఎవరి చేతిలోనూ వాయిద్యం లేదు. వసారాలో చాప పరిస్తే అందరూ కూర్చున్నారు. బాపు కూడా మొహమాటంగా వచ్చి ఓ పక్కన చేరాడు.

"ఇయాల వాయించుడు గురించి ఎవ్వరు అడగొద్దు," అన్నాడు చిచ్చా. "ఎవరి దిల్‌ల ఏమున్నదో గది చెప్పుర్రి. నేనే మొదలు పెడ్త."

ఆయన ముందుపన్ను కదులుతోందట. పై స్వరాలు పలకక, ఒక బరాత్‌లో సగం దూరం ట్రంపెట్ పెదాలకు ఆనించుకుని ఊదకుండానే నడిచాడట. చెబితే మేళంలోంచి తీసేస్తారని భయపడ్డాడట. డోలు వాయించే అన్న, ప్రతి పెళ్లిలోనూ మొదటి దెబ్బకు ముందు తనకు కడుపులో తిప్పుతుందని, అందుకే పందిరి వెనక్కి పోయి వస్తానని చెప్పాడు. అందరూ పగలబడి నవ్వారు. బాపు పెదాలూ కొంచెం విచ్చుకున్నాయి.

అప్పుడు చిచ్చా, చాయ్ తెచ్చిన నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "బేటీ, నువ్వు గూడ చెప్పు. నీ మనసుల ఏమున్నది?"

నేను అమ్మ వైపు చూశాను. ఆమె చెప్పమన్నట్టు తలాడించింది. "బాపు నాతోని మాట్లాడ్తలేడు," అన్నాను. "నేనేం జేసిన్నో నాకు తెలుస్తలేదు."

బాపు నన్ను ఒడిలోకి లాక్కున్నాడు. "నువ్వేం జెయ్యలే బిడ్డా," అన్నాడు. తర్వాత నాకు కాదు, అందరికీ చెప్పాడు. "మా ఉస్తాద్ పోయిండని కబురొచ్చిన దినం నేను పెండ్లిల ఉన్న. నడుమల లేసి పోతే పెండ్లోళ్లు ఏమంటరోనని ఆగిన. ఆడ ఆయనను సాగనంపుతున్నరు, ఈడ నేను చిందుల పాట వాయిస్తున్న. ఎడపల్లిల మళ్ల గదే పాట అడిగిండ్రు. ఊపిరాడలే."

చిచ్చా ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు, అంతే. బాపు ఏడ్చాడు. మగవాళ్లు అలా ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. నేను బిక్కచచ్చిపోతే, "భయపడకు బేటీ, ఏడ్వనియ్యి," అన్నాడు చిచ్చా.

నాలుగు రోజులు పోయాక, అటక మీది క్లారినెట్ దింపుకుని, వాయిద్యాలతో అందరం బస్సెక్కి సిరికొండ వెళ్లాం. బాపుకు చిన్ననాటి నుంచి విద్య నేర్పిన ఆ ఉస్తాద్ ఇల్లు అక్కడే. ఆయన భార్య, ముసలమ్మ, బాపు తల నిమిరి, "ఆయన నీకు మొదలు నేర్పింది వాయించు బిడ్డా," అంది. అది పాట కాదు. ఊపిరి ఉన్నంతసేపు ఒకే స్వరాన్ని పట్టి నిలపడం. బాపు స్వరం ఎత్తుకున్నాడు, సగంలో ఆగాడు. ఆగిన చోట చిచ్చా ట్రంపెట్ మెల్లగా అందుకుంది. చిచ్చా ఊపిరి తీసుకునేసరికి మళ్లీ బాపు. ముసలమ్మ కళ్లు మూసుకుని విన్నది. "ఇంకోపారి," అంది.

తర్వాతి పెళ్లిళ్లకు బాపు వెళ్లాడు. ఆ చిందుల పాట అడిగితే మాత్రం, "గది నాతోని కాదు," అని చిచ్చా వైపు చూపించేవాడు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆడపిల్లకు ఎందుకని ఇరుగుపొరుగు అంటున్నా, బాపు నాకూ ఆ ఒక్క స్వరంతోనే సంగీతం మొదలుపెట్టాడు.

పెద్దయ్యాక నిజామాబాద్‌లో బడి పిల్లలకు ఏళ్ల తరబడి సంగీతం చెప్పాను. పాడుతూ పాడుతూ ఎవరైనా పిల్ల ఆగిపోతే, ఏమైందని ముందు అడిగేదాన్ని కాదు. పక్కన చాప మీద కూర్చుని, నా గొంతు పలకని రోజు గురించి నేనే చెప్పేదాన్ని. కొందరు అప్పుడే నోరు విప్పేవారు. కొందరు ఎప్పటికీ చెప్పలేదు. వాళ్ల పక్కన కూడా బడి గంట కొట్టేదాకా కూర్చునేదాన్ని. ఇప్పటికీ నాకు వేరే విధంగా పాఠం చెప్పడం రాదు.